ఎనిమిది మీటర్లు

1976 డిసెంబరు 19, ఆదివారం ఉదయం ఎనిమిది గంటల ఇరవై నిమిషాలకు హనుమకొండలోని ఒక కాలేజీ మైదానంలో మూడు వేల మీటర్ల స్టీపుల్‌ఛేజ్ మొదలైంది. తొమ్మిది మంది పరుగెత్తారు. ఇరవై రెండేళ్ల ఎల్లస్వామి మొదట వచ్చాడు. అతనికి తొమ్మిది నిమిషాల నాలుగు సెకండ్లు పట్టింది. అప్పటి దాకా ఉన్న రాష్ట్ర రికార్డు తొమ్మిది నిమిషాల పదకొండు సెకండ్లు.

ఆ పరుగు ఏమిటో మైదానానికి వచ్చిన వాళ్లలో చాలామందికి తెలియదు. మొదట కొంత దూరం పరుగెత్తి, ఆపైన ఏడు చుట్లు తిరగాలి. చుట్టుకు ఐదు చోట్ల నడుమెత్తు దూలాలు అడ్డం ఉంటాయి. ఒక దూలం అవతల నీళ్ల గుంట ఉంటుంది. దూలం మీద కాలు పెట్టి ఎగిరి దాన్ని దాటాలి. దాటలేని వాడు మోకాలి లోతు నీళ్లలో పడి, లేచి, తడి బట్టలతో మళ్లీ పరుగెత్తాలి. జనం అంతా ఆ గుంట చుట్టే చేరారు. ఎల్లస్వామి ఏడుసార్లూ గుంట అంచు మీదే దిగాడు. మొదటి చుట్టులోనే ఇద్దరు బొక్కబోర్లా పడ్డారు. వాళ్లకు కూడా చప్పట్లు కొట్టారు.

మధ్యాహ్నం అతన్ని లారీ మీద నిలబెట్టి చౌరస్తా దాకా తిప్పారు. రెండు రోజుల తర్వాత గుంట మీద గాలిలో ఉన్న అతని ఫోటో పేపర్లో వచ్చింది. అప్పటి నుంచి ఊళ్లో అతని పేరు గుంట ఎల్లస్వామి. సైకిల్ మీద పోతుంటే తెలియని వాళ్లు కూడా ఆపి చెయ్యి కలిపేవాళ్లు. జనవరి ఇరవై ఆరున మూడు బడుల వాళ్లు జెండా దగ్గరికి పిలిచారు.

తండ్రి పోశయ్య బండ కొట్టే మనిషి. బావులు తవ్వడంలో మేస్త్రీ. చదువు రాదు. ఆ పేపరు ముక్కను రుమాలు మడతలో పెట్టుకుని పనికి పోయిన ప్రతి చోటా తీసి చూపించేవాడు.

"గుంట తవ్వింది నేను, దుంకింది నా కొడుకు," అనేవాడు.

అది నిజమే. మైదానంలో ఆ నీళ్ల గుంట తవ్వే పని పోశయ్యే చేశాడు.

1977 ఏప్రిల్‌లో ఎల్లస్వామికి ఆటగాళ్ల కోటాలో కరెంటు ఆఫీసులో హెల్పర్ ఉద్యోగం వచ్చింది. రాష్ట్ర రికార్డు ఉంది కాబట్టి వచ్చింది. ఉద్యోగం వచ్చింది కాబట్టి శకుంతలతో సంబంధం ఖాయమైంది. ఖాయమైన ఆదివారం గుట్ట కింద పోశయ్య ఇంటి ముందు పందిరి వేసి నలుగురిని పిలిచారు. మేకను కోశారు. కల్లు కుండలు తెచ్చారు. రెండో ముంత దాటాక పోశయ్య ముచ్చట ఎత్తుకున్నాడు.

"డ్రిల్ మాస్టర్ దానియేలు సారు గుంటకు సున్నంతోని గుర్తు పెట్టిపోయిండు. నేను గడ్డపార ఏసిన. మూరెడు దిగంగనే బండ. ఠంగుమన్నది. ఎల్లుండే పోటీలు. మందు పెట్టి పేలుద్దమంటె కాలేజీ అద్దాలన్నీ పల్గుతయి."

"మరేం జేసినవే మామా?" అన్నాడు పక్కింటి మొండయ్య.

"బావిల బండ పడితె ఏం జేస్తం? జర పక్కకు జరుగుతం. గట్లనే లోపటికి పదిహేనడుగులు జరిపిన. వెన్నలెక్క దిగింది. సారు జరమొచ్చి పండుకున్నడు, అడిగెటోడు లేడు. పొద్దుగూకే వరకు గుంట తయారు!"

"నీ కొడుక్కు కల్సొచ్చిన గుంటనే," అన్నాడు మొండయ్య. అందరూ నవ్వారు. ఎల్లస్వామి కూడా నవ్వాడు. కాసేపటికి విస్తరి ముందు నుంచి లేచి చేయి కడుక్కున్నాడు. ముక్కలు అలాగే ఉన్నాయి.

గుంట ట్రాక్ వంపు లోపల ఉంటుంది. పరుగెత్తే వాడు వంపు దగ్గర ట్రాక్ వదిలి లోపలికి వెళ్లి, గుంట దాటి, మళ్లీ ట్రాక్ మీదికి వస్తాడు. గుంట ఎంత లోపలికి జరిగితే చుట్టు దూరం అంత తగ్గుతుంది. దానియేలు సారు సున్నం గుర్తుల మీద కొలిచి, చుట్టు మూడు వందల తొంభై రెండు మీటర్లని కాగితం మీద రాసి, మొదలుపెట్టే గీత ఎక్కడుండాలో లెక్కగట్టి సంతకం చేశాడు. గుంట తవ్వింది ఆ తర్వాత. ఆయన నాలుగు రోజుల జ్వరం నుంచి లేచి పోటీల ఉదయం నేరుగా మైదానానికి వచ్చి, ట్రాక్ నుంచి ఉన్న గుంట దాకా పరుగు దారికి గీత గీయించాడు. మళ్లీ కొలవలేదు.

సోమవారం తెల్లారి ఎల్లస్వామి తండ్రి కొలత టేపు, గడ్డపార తీసుకుని మైదానానికి పోయాడు. గుంట వెలుపల పదిహేను అడుగుల దూరంలో మన్ను గుల్లగా ఉంది. గడ్డపార వేస్తే మూరెడు లోతున రాయి తగిలింది. తాము పరుగెత్తిన దారి వెంట టేపు పట్టి కొలిచాడు. మూడుసార్లు కొలిచాడు. చుట్టు మూడు వందల ఎనభై నాలుగు మీటర్లు వచ్చింది.

చుట్టుకు ఎనిమిది మీటర్లు తక్కువ. ఏడు చుట్లకు యాభై ఆరు. అతని వేగానికి అది పది సెకండ్ల పరుగు. అంటే డిసెంబరులో అతను నిజంగా పరుగెత్తింది తొమ్మిది పద్నాలుగు. పాత రికార్డు కన్నా మూడు సెకండ్లు ఎక్కువ.

దానియేలు సారు ఇల్లు అక్కడికి రెండు సందుల అవతల. ఎల్లస్వామి మొదటి సందు చివరి దాకా నడిచి ఆగాడు. ఉద్యోగంలో చేరాల్సింది మే రెండున. పెళ్లి మే పదిహేనున. కొలిచిన ట్రాక్ మీద ఎక్కడో ఒక చోట తొమ్మిది నాలుగు పరుగెత్తితే, అప్పుడు కాగితం మీద ఉన్నది నిజమే అవుతుందని అతనికి తోచింది. అప్పుడు ఎవరికీ ఏమీ చెప్పనక్కర లేదు. ఏడాది చాలనుకున్నాడు. ఇంటికి తిరిగి వచ్చాడు.

"బాపూ, గుంట జరిపిన ముచ్చట ఇంక ఎవలకు చెప్పకు," అన్నాడు.

"ఎందుకురా?"

"చెప్పకు. అంతే."

పోశయ్య కొడుకు ముఖం చూశాడు. ఆ రోజు నుంచి గుంట మాటే ఎత్తలేదు. మైదానం వైపు కూడా రాలేదు.

ఆ ఏడాది మద్రాసులో జరిగిన జాతీయ పోటీల్లో ఎల్లస్వామి తొమ్మిది ఇరవై ఒకటి పరుగెత్తి తొమ్మిదో వాడుగా వచ్చాడు. పోటీలు నడిపే వాళ్లు జాబితాలో అతని పేరు పక్కనున్న తొమ్మిది నాలుగు చూసి, ఒంట్లో బాగాలేదా అని అడిగారు. బాగాలేదన్నాడు. 1978లో తొమ్మిది పద్దెనిమిది. 1979లో బెంగుళూరులో తొమ్మిది పదిహేను. ప్రతిసారీ వరంగల్ స్టేషన్‌లో దిగాక ఎవరో ఒకరు ఎదురుపడేవాళ్లు.

"ఏందన్నా, కాజీపేట దాటంగనే కాళ్లు ఆగమైతన్నయా?"

"ఆడ నీళ్లు పడ్తలేవేమో! మన గుంట నీళ్లు డబ్బాల పట్టుకపోరాదు?"

నవ్వేవాడు. ఉదయం నాలుగున్నరకు లేచి కాజీపేట రోడ్డు మీద పన్నెండు కిలోమీటర్లు పరుగెత్తేవాడు. తర్వాత ఆఫీసుకు పోయి స్తంభాలు ఎక్కేవాడు. సాయంత్రం మళ్లీ మైదానానికి పోయేవాడు. అక్కడి గుంట దగ్గర మాత్రం ప్రాక్టీసు చేసేవాడు కాదు. దూలాలు తెచ్చుకుని మరో మూలన పెట్టుకునేవాడు. ఇంటికి వచ్చాక భార్యతో, పుట్టిన బిడ్డతో కూడా ఎక్కువ మాట్లాడేవాడు కాదు. వట్టి పరుగు పిచ్చి అనుకుంది శకుంతల.

1980లో పోశయ్య మంచాన పడ్డాడు. ముప్పై ఏళ్లు పీల్చిన బండ దుమ్ము ఊపిరితిత్తుల్లో గట్టిపడిందని దవాఖానలో చెప్పారు. నలభై రోజులు అక్కడే ఉన్నాడు. ఒక మధ్యాహ్నం కొడుకు సంత్రా పండు ఒలిచి పెడుతుంటే చెయ్యి అడ్డం పెట్టాడు.

"గడ్డపార పట్టెటోని కొడుకువని పది మందిల తెలిస్తె నీకు నామోషీ అనిపించింది. నాకు సమజైంది బిడ్డా. అందుకే నేను మల్ల ఎన్నడు చెప్పలే."

"అది కాదు బాపూ."

"మరేంది?"

గుంట ఎందుకు జరపకూడదో తండ్రికి చెప్పాలంటే, నీ వల్లే రికార్డు తప్పైందని చెప్పాలి. ఎల్లస్వామి సంత్రా తొన చేతిలో పెట్టాడు. పోశయ్య తినకుండా దిండు పక్కన పెట్టుకున్నాడు. మూడో రోజు చనిపోయాడు.

1981 నవంబరులో సికింద్రాబాదులో ఎల్లస్వామి తొమ్మిది పదకొండు పాయింట్ ఎనిమిది పరుగెత్తాడు. కొలిచిన ట్రాక్ మీద అతని జీవితంలో అదే మంచి పరుగు. గీత దాటాక ట్రాక్ పక్కన కూర్చుంటే ఒక విలేకరి వచ్చి, పాత ఎల్లస్వామిని మళ్లీ ఎప్పుడు చూస్తామని అడిగాడు. మరుసటి మార్చిలో దూలం మీంచి దిగుతూ కుడి మోకాలు తిప్పుకున్నాడు. మోకాలు నయమైంది గాని దుంకడం అయిపోయింది. అదే వేసవిలో మైదానం పక్కన గ్యాలరీ కట్టడానికి మన్ను తోలినప్పుడు నీళ్ల గుంటను పూడ్చేశారు.

యాకయ్య అప్పుడే వచ్చాడు. పందొమ్మిదేళ్ల వాడు, హసన్‌పర్తిలో మగ్గం నేసే ఇంటి మనిషి. పది కిలోమీటర్లు పరుగెత్తుకుంటూ మైదానానికి వచ్చి, ప్రాక్టీసు చేసి, పరుగెత్తుకుంటూనే వెనక్కి పోయేవాడు. మొదటి రోజు దూలం మీద అతను పాదం పెట్టిన తీరు చూసి ఎల్లస్వామి దగ్గరికి పిలిచాడు.

"ఎవలు నేర్పిన్రు తమ్మీ?"

"ఎవలు లేరన్నా. మా ఇంట్ల మగ్గం కింద కాళ్లు పెట్టె గుంట దుంకుడే."

ఎల్లస్వామి ఐదేళ్ల తర్వాత మొదటిసారి నవ్వాపుకోలేక నవ్వాడు.

రెండేళ్లు అతనికి నేర్పాడు. ఆఫీసు కాగానే గడియారం పట్టుకుని మైదానానికి వచ్చేవాడు. కుడికాలితో పాటు ఎడమ కాలితో కూడా దూలం ఎక్కించాడు. యాకయ్య తొమ్మిది నాలుగు కన్నా ఒక్క సెకండు తక్కువ పరుగెత్తితే చాలు, రికార్డు పుస్తకంలో తన పేరు పోయి అతని పేరు వస్తుంది. తన అబద్ధాన్ని ఎవరూ తవ్వి తీయరు. ఎవరికీ నష్టం ఉండదు. రోజూ ప్రాక్టీసుకు ముందు ఒకే మాట అనేవాడు.

"ఎంత?"

"తొమ్మిది నాలుగన్నా."

"ఉరుకు."

1984 జనవరి 29, ఆదివారం, సికింద్రాబాదులో యాకయ్య తొమ్మిది నిమిషాల ఆరు పాయింట్ ఎనిమిది సెకండ్లు పరుగెత్తాడు. రెండో వాడు వంద మీటర్ల వెనక ఉన్నాడు. వరంగల్ ఎల్లస్వామి రికార్డు రెండు పాయింట్ ఎనిమిది సెకండ్లలో తప్పిపోయిందని మైకులో చెప్పారు. గ్యాలరీలో ఎల్లస్వామి ఉన్నాడని తెలిసి అతన్ని లేచి నిలబడమన్నారు. నిలబడ్డాడు. చప్పట్లు కొట్టారు.

యాకయ్య తడి బూట్లతో మెట్లెక్కి వచ్చి కాళ్లు మొక్కాడు.

"నీదే గెల్సిందన్నా. నువ్వు మనిషివి గాదు."

"నీళ్లు తాగు," అన్నాడు ఎల్లస్వామి.

ఆ వారంలోనే ఆటగాళ్ల కోటాలో ఉద్యోగాలకు ప్రకటన పడింది. రాష్ట్ర రికార్డు గాని, జాతీయ పోటీల్లో మొదటి మూడు స్థానాల్లో ఒకటి గాని ఉండాలి. ఆఖరు తేదీ ఫిబ్రవరి 29. అప్పటికి యాకయ్యకు ఇరవై ఒకటి. మగ్గాల పని సన్నగిల్లి వాళ్ల వాడలో సగం మంది బొంబాయి పక్కనున్న భివండి మిల్లులకు పోయారు.

పోటీ అయిన పదో రోజు సాయంత్రం ఎల్లస్వామి శకుంతలకు అంతా చెప్పాడు. ఆమె బియ్యం ఏరుతూ విన్నది. విన్నాక చాట పక్కన పెట్టింది.

"ఉద్యోగం పోతదా?"

"పోవచ్చు."

"మామ లేడు. గుంట లేదు. నువ్వు చెప్పకుంటె ఎవలకు తెలుస్తది?"

"యాకయ్యకు రావాల్సిన రికార్డు నా దగ్గరున్నది."

"ఇయ్యాల తెలిసిందా నీకు?" అంది శకుంతల. చాట మళ్లీ ఒళ్లోకి తీసుకుంది. తల ఎత్తకుండానే అంది, "పొయి చెప్పు. చెప్పకపోతె నువ్వు ఇంట్ల ఉన్నా లేనట్టే ఉంటవు. ఏడేండ్లసంది గట్లనే ఉన్నవు."

ఫిబ్రవరి 9న దానియేలు సారు ఇంటికి పోయాడు. డ్రిల్ మాస్టరుగా రిటైరైన ఆయన ఇప్పటికీ జిల్లా అథ్లెటిక్స్ సంఘం కార్యదర్శి. వసారాలో కుర్చీ చూపించాడు. ఎల్లస్వామి కూర్చోలేదు. చెప్పింది విని ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"నువ్వు కొలిచిన్నాడే నా దగ్గరికి ఎందుకు రాలేదురా?"

"సందు కాడి దాక వచ్చిన సార్."

"నా తప్పు ముందు. జరం నుంచి లేచి, మళ్ల కొలవకుండ గీత గీయించిన. కాగితం మీద నా సంతకం అట్లనే ఉన్నది." కళ్లద్దాలు మళ్లీ పెట్టుకున్నాడు. "రాసియ్యి. మార్చి పదకొండున సంఘం మీటింగు. అక్కడ పెడత. అప్పటిదాక నోరు తెరువకు. పేపరోళ్లకు తెలిస్తె నువ్వు పోతవు, నేను పోత."

"అప్పటికి యాకయ్య ఉద్యోగం తారీకు అయిపోతది సార్."

"వాడు పడుచు పిల్లగాడు. వచ్చే ఏడు మళ్ల పడ్తయి."

ఎల్లస్వామి సరేనని రాసి ఇచ్చాడు. ఒకటిన్నర పేజీ వచ్చింది.

ఫిబ్రవరి 20న యాకయ్య దరఖాస్తు పట్టుకుని వచ్చాడు.

"రికార్డు కాకపాయె గదన్నా. పెట్టాల్నా, వద్దా?"

"పెట్టు తమ్మీ."

"రెండు సెకండ్లే గద, సార్లు జర దయ జూస్తరంటవా?"

"పెట్టు," అన్నాడు ఎల్లస్వామి. దానియేలు సారుకు మాట ఇచ్చాడు కాబట్టి అంతకు మించి ఏమీ అనలేదు. మార్చి 6న, అర్హత లేదని దరఖాస్తు తిరిగి వచ్చింది.

11న సంఘం సమావేశం నలభై నిమిషాలు జరిగింది. ఏడుగురు వచ్చారు. ఎల్లస్వామి కాగితాన్ని దానియేలు సారే చదివాడు. చదివాక, కొలవకపోవడం తన పొరపాటేనని చెప్పాడు.

"మన జిల్లాకు ఉన్నదే ఒక్క రికార్డు, దాన్ని మనమే తీసేద్దమా?" అన్నాడు ఒక సభ్యుడు.

"గుంట లేదు, తవ్వినాయన లేడు. టేపు పట్టి ఎక్కడ కొలుస్తం?" అన్నాడు ఇంకొకతను.

"ఇగో ఎల్లస్వామీ, నిజం చెప్పు, ఆ పిల్లగాని మీద పానం కొట్టుకుని రాసినవా ఇది?" అని మూడో అతను అడిగాడు.

"నిజం అదే సార్," అన్నాడు ఎల్లస్వామి.

కొలత కాగితం మీద సంతకం ఉంది కాబట్టి, దానికి విరుద్ధంగా ఆధారం ఏదీ లేదు కాబట్టి, రికార్డులో మార్పు అక్కర లేదని తీర్మానం రాశారు. ఐదుగురు అవునన్నారు. దానియేలు సారు, ఇంకొకరు ఎటూ చెప్పలేదు. ఆ మాట బయటికి పోకూడదని కూడా అనుకున్నారు.

ఇంటికి వచ్చేసరికి శకుంతల గుమ్మంలో నిలబడి ఉంది.

"ఏమన్నరు?"

"ఏం గాలే."

"ఉద్యోగం?"

"ఉన్నది."

14న హసన్‌పర్తి పోయాడు. ఇంట్లో యాకయ్య తల్లి బక్కమ్మ ఒక్కతే ఉంది. కొడుకు ముందటి రోజే వాడకట్టు వాళ్లతో కలిసి భివండి పోయాడని చెప్పింది. ఎల్లస్వామి ఉత్తరం రాద్దామని రెండుసార్లు కూర్చున్నాడు. ఇది ఎదురుగా చెప్పాల్సిన మాట అనుకుని మానేశాడు.

దసరాకు యాకయ్య ఇంటికి వచ్చాడు. పండుగ మర్నాడు మధ్యాహ్నం ఎల్లస్వామి బస్సులో హసన్‌పర్తి పోయాడు. ఇద్దరూ చెరువు వైపు నడిచారు. యాకయ్య చిక్కిపోయాడు. జుట్టులో దూది పోగులు ఉన్నాయి. పవర్‌లూమ్ షెడ్డులో పన్నెండు గంటల పని అని, నిలబడి నిలబడి పిక్కలు గట్టిపడ్డాయని చెప్పాడు. కట్ట మీద కూర్చున్నాక ఎల్లస్వామి చెప్పడం మొదలుపెట్టాడు. బండ పడిన దగ్గర నుంచి తీర్మానం దాకా, ఏదీ వదలకుండా చెప్పాడు.

యాకయ్య మధ్యలో అడ్డు రాలేదు. అయిపోయాక అడిగాడు.

"నీకెప్పటిసంది తెలుసన్నా?"

"డెబ్బై ఏడు నుంచి."

"నేను నీ దగ్గరికి ఎనభై రెండుల వచ్చిన."

"ఔ."

"రోజు ఎంత అని అడుగుతుంటివి. తొమ్మిది నాలుగు అని నాతోనే చెప్పిస్తుంటివి."

ఎల్లస్వామి తల ఊపాడు.

"తొమ్మిది పదకొండు అని నువ్వు చెప్పి ఉంటె," అన్నాడు యాకయ్య, "నేను మొన్న జనవరిల గీత దాటంగనే గెల్సినని తెలుస్తుండె నాకు."

లేచి లుంగీ దులుపుకున్నాడు. ఈసారి కాళ్లు మొక్కలేదు. "అమ్మ అన్నం తినిపొమ్మన్నది," అని చెప్పి, ముందు తనే కట్ట దిగి ఇంటి వైపు పోయాడు. ఎల్లస్వామి వెనకాల పోలేదు. ఐదున్నర బస్సుకు హనుమకొండ తిరిగి వచ్చాడు.

యాకయ్య ఆ ఆదివారం కాజీపేటలో బొంబాయి బండి ఎక్కాడు. ఆ తర్వాత ఏ పోటీకీ పేరు ఇవ్వలేదు.